బతికున్న నాన్నకు తద్దినం

ఆ సోమవారం ఉదయం దారిమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఉద్యోగ దరఖాస్తు పంపేయాలి, తలస్నానం చేయాలి, స్నేహితురాలితో కలిసి వేడివేడి నూడుల్స్ తినడానికి పోవాలి. చదువైపోయి రెండేళ్ళు దాటినా ఆమెకు ఉద్యోగం రాలేదు. వాళ్ళ రేవు పట్టణం మొక్పోలోనే సముద్రపు నాచు రేకులు వేయించి ప్యాకెట్లలో అమ్మే ఒక కంపెనీ ప్రచార విభాగంలోకి మనిషిని తీసుకుంటోంది. ఇదీ పోతే పెద్దమ్మ దుకాణంలో పులియబెట్టిన టేకు చేపలు అమ్మవలసిందేనని తల్లి తేల్చి చెప్పింది. ఆ వాసన ఒకసారి పడితే బట్టలు పారేయడం తప్ప మార్గం లేదు.

బయోడేటాతో చిక్కు లేదు. చిక్కంతా దానికి జతచేసే ఆత్మపరిచయ వ్యాసంతోనే. "మీ జీవితంలో ఎదురైన పెద్ద కష్టం, దాన్ని మీరు దాటిన తీరు" అని ప్రతి కంపెనీ అడుగుతుంది. ఉద్యోగం కావాలంటే ముందు కష్టపడి ఉండాలన్నది అక్కడి కంపెనీల గట్టి నమ్మకం. దారిమ్ జీవితంలో వచ్చిన అతి పెద్ద కష్టం, కాలేజీ పరీక్షలప్పుడు వాళ్ళ అపార్ట్‌మెంట్ లిఫ్టు చెడిపోవడం. దాన్ని ఆమె దాటిన తీరు కూడా ఏమంత గొప్పది కాదు. మెట్లెక్కలేక మేనత్త ఇంట్లో పడుకుంది.

అందుకని ఏఐని ఆశ్రయించింది. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న యజమాని జీవితగాథను దానికి అందించి, "వీళ్ళ మనసు కరిగేలా నా కష్టం రాసిపెట్టు" అంది. అది అర నిమిషంలో ఆమె తండ్రిని తుఫానులో ముంచేసింది. దారిమ్ మొదటి వాక్యం చదివింది, చివరి వాక్యం చదివింది, పంపేసింది. అవతల స్నేహితురాలు ఆకలితో ఉంది మరి.

ఆ సమయానికి తండ్రి చిల్‌సంగ్ సోఫాలో కూర్చుని కాలి గోళ్ళు తీసుకుంటున్నాడు. సిటీ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. పడవను చూస్తేనే ఆయనకు కడుపులో తిప్పుతుంది.

మరుసటి వారం ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. యజమాని ప్యో గిల్మాన్ స్వయంగా ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

"నాన్నగారి తద్దినం ఎప్పుడమ్మా?"

తన వ్యాసంలో ఏముందో దారిమ్‌కు అప్పుడు తెలిసింది. కాదంటే ఉద్యోగం పోతుంది. పెద్దమ్మ దుకాణం వాసన అక్కడే ముక్కుకు తగిలింది.

"ఈ... ఈ శనివారమేనండి."

"అయితే నేనొస్తాను. నాలాంటి బిడ్డవి నువ్వు. వద్దనకు."

ఇంట్లో సంగతి చెప్పగానే చిల్‌సంగ్ చేతిలోని చెంచా కింద పెట్టాడు.

"నన్ను చంపేశావా?"

"నేను కాదు నాన్నా, ఏఐ."

"ఇంతకీ ఎలా పోయాను?"

"పడవ మునిగి."

"పడవా! జేజూ దీవికి పోయే ఓడలో, రేవు దాటకముందే కక్కుకున్నవాణ్ణే నేను! చంపితే చంపావు, బస్సు ప్రమాదంలో చంపకూడదూ?"

"ఎవరు నమ్ముతారయ్యా?" అంది తల్లి మల్జా. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ బండికి ఒక్క గీత పడనివ్వలేదని ఊరంతా చెప్పుకు తిరిగావుగా. శనివారం నువ్వు మీ బావ ఇంటికి పో. మిగతాది నేను చూసుకుంటాను."

శనివారం మల్జా మిరపకాయ, వెల్లుల్లి తగలకుండా పెద్దల వంటలన్నీ చేసింది. చిల్‌సంగ్ డ్రైవింగ్ లైసెన్సు ఫోటోని పెద్దది చేయించి బల్ల మీద పెట్టింది. చిల్‌సంగ్ పోతూ పోతూ ఒక కూర రుచి చూసి, "ఉప్పూ కారం లేదు, నాకింత అన్యాయమా?" అని గొణిగాడు. ఆ గొణుగుడులో ఆలస్యమైంది. తలుపు తీసేసరికి ఎదురుగా గిల్మాన్, నల్ల సూటులో, చేతిలో బేరి పళ్ళ పెట్టెతో నిలబడి ఉన్నాడు.

"మీరు?"

"నేను... పోయినాయన తమ్ముణ్ణండి."

"ఎంత పోలిక!" అన్నాడు గిల్మాన్, లోపల బల్ల మీది ఫోటో చూసి. "బాబాయిగారూ, మీరెక్కడికి వెళ్తున్నారు? కొడుకులు లేని ఇల్లు. మీరే కదా ముందు నిలబడాల్సింది!"

అలా గిల్మాన్ చిల్‌సంగ్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు. చిల్‌సంగ్ తన ఫోటో ముందు మోకరిల్లి, తనకు తానే మద్యం గిన్నె సమర్పించుకున్నాడు. రెండుసార్లు సాగిలపడ్డాడు. మధ్యలో ఎండుచేప పళ్ళేన్ని పక్కకు జరిపాడు.

"అదేంటి బాబాయిగారూ?" అన్నాడు గిల్మాన్.

"అన్నయ్యకి పడదండీ. గ్యాస్."

దారిమ్ నవ్వాపుకోలేక తల దించుకుంది. అది దుఃఖమనుకుని గిల్మాన్ భోరుమన్నాడు. "ఇంత చిన్నపిల్లని వదిలేసి ఎలా పోయావయ్యా!" అని ఫోటోని గుండెకు హత్తుకుని ఏడ్చాడు.

చిల్‌సంగ్ ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు. రిటైరైన రోజున డిపోవాళ్ళు ఒక గోడ గడియారం ఇచ్చి, చప్పట్లు కొట్టి, బస్సులెక్కి వెళ్ళిపోయారు. తన కోసం ఇంతలా ఏడ్చిన మనిషి లోకంలో మరొకడు లేడు. ఆయనకు నిజంగానే దుఃఖం పొంగుకొచ్చింది.

"ఇక నా వల్ల కాదు సార్. ఆ ఫోటోలో ఉన్నది నేనే. మా పిల్లకి మీరు ఉద్యోగం ఇవ్వకపోయినా సరే. నా కోసం ఏడ్చిన మనిషిని మోసం చెయ్యలేను."

దారిమ్‌కు తండ్రి మీద కోపం వచ్చింది, ఆ వెంటనే ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమా వచ్చింది.

గిల్మాన్ ఫోటోని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. ముఖం తుడుచుకున్నాడు.

"ఆ వ్యాసం ఎవరు రాశారమ్మా?"

"ఏఐ, సార్. మీ వెబ్‌సైట్‌లో మీ కథ ఉంది కదా, మీ నాన్నగారు తుఫానులో పోవడం, మీరు ఒంటరిగా పైకి రావడం... అది చూపించి, మీ మనసు కరిగేలా రాయమన్నాను."

గిల్మాన్ నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"అదీ ఏఐ రాసిందే" అన్నాడు.

"మరి మీ నాన్నగారు?" అంది మల్జా.

"సున్‌చన్‌లో మా చెల్లెలి దగ్గరున్నారమ్మా. ఆయనది బట్టల కొట్టు. సముద్రం మొహం ఎరగరు. కథ బాగుందని వెబ్‌సైట్‌లో పెట్టాం, అమ్మకాలు పెరిగాయి. అప్పట్నించీ ఆయన్ని ఫ్యాక్టరీ దరిదాపులకి రానివ్వడం లేదు."

"మరి ఇందాకటి ఏడుపో?"

"అది నిజమేనమ్మా. మీ అమ్మాయి రాసింది చదువుతుంటే నాకూ మా నాన్న పోయినట్టే అనిపించింది."

గిల్మాన్ గొంతు తగ్గించాడు. "ఆ వ్యాసాన్ని మొన్న ఉదయం మీటింగులో మొత్తం ఉద్యోగులకి చదివి వినిపించాను. ప్యాకింగ్ వాళ్ళు బావురుమన్నారు. ఇప్పుడిది అబద్ధమంటే రేపు నా కథ కూడా తవ్వుతారు. అందుకని నువ్వు వచ్చే వారం చేరిపో. బాబాయిగారు మాత్రం బాబాయిగారుగానే ఉండిపోవాలి."

చిల్‌సంగ్ కూతురి ముఖం చూశాడు. తర్వాత తన తద్దినపు బల్లను చూశాడు.

"అలాగే సార్. ఏమే, మిరపకాయ పచ్చడి పట్రా. ఇంక తినొచ్చుగా?"

దారిమ్ ఆ కంపెనీలో చేరి మూడేళ్ళయింది. వెబ్‌సైట్‌లోని యజమాని కథను ఇప్పుడు ఆమే చూసుకుంటోంది. ఏటా ఆ తద్దినపు శనివారం కంపెనీ తరఫున బేరి పళ్ళ పెట్టె వస్తుంది. దానితోపాటు, వేరే ఎక్కడా కనిపించే వీలులేని గిల్మాన్ తండ్రి కూడా వస్తాడు. వంటలు పూర్తయ్యేదాకా ముసలాయన, చిల్‌సంగ్ ఆ ఫోటో ముందు దుప్పటి పరుచుకుని పేకాడుకుంటారు.

పళ్ళు ఏటికేడు చిన్నవైపోతున్నాయని స్వర్గస్థులిద్దరూ ఫిర్యాదు చేస్తున్నారు.