పురుగులకు గాలాడాలి

ఆ శుక్రవారం ఉదయం పరిమళ పథకం చాలా చిన్నది. రెండు పురుగుల పెట్టెలను జగ్గయ్యపేటలోని తమ ఇంటి చల్లటి గదిలో ఉంచాలి. తను కాలేజీ పిల్లలను తీసుకుని చందర్లపాడులో ఎన్నెస్సెస్ క్యాంపుకు వెళ్లాలి. సోమవారం ఆ పెట్టెలతో విజయవాడలో గైడు వరప్రసాదరావుగారి ముందు నిలబడాలి. ఇంట్లో తన తల్లి పున్నమ్మ ఉంటుందన్న సంగతిని మాత్రం ఆ పథకంలో లెక్కలోకి తీసుకోలేదు.

పరిమళ నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. క్యాన్సర్ గడ్డ లోపలికి ఆక్సిజన్ సరిగా అందదు. అయినా అక్కడి కణాలు మొండిగా బతుకుతాయి. తక్కువ ఆక్సిజన్‌తో నెట్టుకురావడానికి కావలసిన ఎంజైముల జన్యువులను నిద్రలేపుతాయి. కంటికి కనీకనపడని ఈ పురుగుల్లోనూ అదే ఏర్పాటు ఉంది. జన్యువు మేల్కొంటే పురుగు పచ్చగా మెరిసేలా ముందే చేసి ఉంచారు. మామూలు గాలి ఉన్న పెట్టెలో పురుగులు మెరవకూడదు, ఆక్సిజన్ పీల్చేసే పొట్లం వేసి మూసిన పెట్టెలో మెరవాలి. రెండుసార్లు చేసినా మెరవలేదు.

"ఈసారీ మెరవకపోతే టాపిక్ మార్చుకోమ్మా" అనేశారు గైడుగారు.

మార్చుకోవడం పరిమళకు చచ్చేంత బాధ. అమ్మకు రొమ్ములో గడ్డ తీయించి, కీమో పూర్తయి, జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చిన ఏడాదే ఆమె ఈ టాపిక్ ఎంచుకుంది.

"అమ్మా, ఈ గట్టి మూత పెట్టె జోలికి మాత్రం పోవద్దు. లోపల గాలి తక్కువుండాలి" అంది పరిమళ చెప్పులేసుకుంటూ.

"అయ్యో పాపం, ఎందుకే?"

"నీకొచ్చిన జబ్బు గురించేనమ్మా. వచ్చాక చెప్తా, బస్సుకి టైమైంది!"

పున్నమ్మ మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. కీమో రోజుల్లో ఊపిరాడక ఆమె ఎన్ని రాత్రులు మంచం మీద కూర్చుని గడిపిందో ఆమెకే తెలుసు. ఇక ఉండబట్టలేక మూత కాస్త తీసి, విసనకర్ర తెచ్చి పురుగులకు విసరసాగింది. సరిగ్గా అప్పుడే పక్కింటి సుబ్బమ్మ పెరుగు తోడు కోసం గిన్నెతో వచ్చింది.

"ఎవరికొదినా విసురుతున్నావ్?"

"పురుగులకి. నాకొచ్చిన జబ్బు గురించి మా పిల్ల పెంచుతోందంట."

సుబ్బమ్మ తోడు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. పొద్దు వాలేసరికి పున్నమ్మ ఇంట్లో క్యాన్సర్ పురుగులున్నాయని వీధంతా తెలిసిపోయింది. పాలు పోసే మనిషి రాలేదు. ఎదురింటి కిటికీలు మూసుకున్నాయి. ఎవరో పున్నమ్మ వాళ్ల గేటు ముందు బ్లీచింగ్ పౌడరుతో అడ్డంగా గీత గీసి పోయారు.

"జబ్బొచ్చినప్పుడు కూడా ఎవరూ ఇట్లా తలుపులేసుకోలేదే" అని పున్నమ్మ కళ్లు తుడుచుకుంది.

చిల్లకల్లు పొలం నుంచి వచ్చిన భర్త కృపారావు అంతా విని, కూతురికి ఫోన్ చేశాడు. సిగ్నల్ దొరకలేదు. దాంతో సొంతంగా ఆలోచించాడు.

"ప్రమాదం లేకపోతే అంత గట్టి మూత ఎందుకు పెట్టిందే?"

కృపారావు విత్తనానికి దాచిన కందులకు ఆ మధ్య పురుగు పడితే, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి బిగించి మూల పడేశాడు. పురుగులే లోపలి గాలంతా పీల్చేసి, ఊపిరాడక చస్తాయని లెక్క. ఇప్పుడు ఆ సంచి విప్పి, ఓరగా తెరిచి ఉన్న పెట్టెను అలాగే కందుల్లోకి తోసి, మళ్లీ మెలిపెట్టి కట్టేశాడు.

"వాటికి గాలాడాలండీ!"

"పిల్ల వేరే పురుగులు తెచ్చుకుంటది. మాకు నువ్వొక్కదానివేగా" అన్నాడు కృపారావు.

సోమవారం పొద్దున క్యాంపు నుంచి వచ్చిన పరిమళ ఇల్లంతా వెతికి, కందుల సంచిలోంచి పెట్టె బయటకు లాగింది. మూత ఓరగా ఉంది. పైన కందుల పురుగులు సోలిపోతూ మెల్లగా పాకుతున్నాయి.

"నేనే తీశానే" అంది తల్లి.

"నేనే కట్టా" అన్నాడు తండ్రి.

తిట్టడానికి కూడా టైము లేదు. ఉన్నదున్నట్టు చూపించి టాపిక్ వదులుకుందామని పరిమళ మూత బిగించి బయలుదేరింది. సారుకు తామే చెప్పుకుంటామంటూ దోషులిద్దరూ అదే బస్సెక్కారు.

గైడుగారు మామూలు గాలి పెట్టెలోని పురుగులను మైక్రోస్కోపు కింద చూశారు. మెరుపు లేదు. రెండో పెట్టెలోవి పెట్టి చూస్తూ, ఎంతకీ తల ఎత్తలేదు.

"ఇలా రామ్మా, చూడు."

పరిమళ చూసింది. పచ్చటి మెరుపు! ఒకటీ అరా కాదు, దాదాపు అన్నీ. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

గైడుగారు పెట్టె మూత తిరగేశారు. "ఈ రబ్బరు రింగు పగిలిందమ్మా. ఇన్నాళ్లూ గాలి లోపలికి పోతూనే ఉంది. మరి ఈసారి ఆక్సిజన్ ఎట్లా తగ్గించావ్?"

పరిమళ తండ్రి వైపు చూసింది.

"చంపుదామనే కందుల సంచిలో కట్టానండి సార్" అన్నాడు కృపారావు తలొంచుకుని.

"మళ్లీ కట్టండి. ఒక్కసారి మెరిస్తే చాలదు. ఈసారి లోపల ఆక్సిజన్ కొలిచే మీటరు కూడా పెడదాం. టాపిక్ ఇదేనమ్మా, మార్చొద్దు."

పున్నమ్మ కూడా మైక్రోస్కోపులోకి చూసింది. "బతికే ఉన్నాయే! గడ్డ కూడా ఇట్లాగే మొండికేస్తదా?"

"అవునమ్మా" అంది పరిమళ. "ఏ జన్యువు మేల్కొంటోందో తెలిస్తే, దాన్ని నిద్రపుచ్చే మందు ఎప్పటికైనా దొరుకుతుంది."

పున్నమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి సుబ్బమ్మ గేటు బయటే నిలబడి ఉంది, చేతిలో గిన్నెతో. పరిమళ ఓపిగ్గా అంతా చెప్పాక, ఆమె బ్లీచింగ్ గీత దాటి లోపలికొచ్చి తోడు పోయించుకుంది.

ఆ ఏడు కృపారావు విత్తనానికి కందులు బయట కొనుక్కున్నాడు. ఇంట్లో ఉన్నవాటికి పరిశోధన నుంచి తీరిక దొరకలేదు.