పేరు పడని ఊళ్లు

ఆ ఉదయం నాగదుర్గాప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను తినడం, కంప్యూటరులో ఒక నివేదిక తీసి భార్యకు చూపించడం, హైదరాబాదులో కొట్టు అద్దెకిస్తానన్న ఆసామీకి ఫోను చేసి సరేననడం. సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పమని ఆ ఆసామీ గడువు పెట్టాడు. పథకంలో ఇడ్లీల వరకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు భార్య లక్ష్మీతులసిది. దాని వెబ్‌సైటు మాత్రం భర్తగారిది. అందులో పూతరేకుల ఫొటోలు, ఒక ఫోను నంబరు ఉంటాయి. ఎవరు ఏ ఊరి నుంచి చూశారో చెప్పే నివేదికలో ఏడాదిగా హైదరాబాదుదే పైచేయి. అంతమంది చూస్తున్నా అక్కడి నుంచి ఫోన్లు రాకపోవడానికి దగ్గర్లో కొట్టు లేకపోవడమే కారణమని ఆయన తేల్చేశాడు. ఆవిడకేమో కొత్త కొట్టు అమలాపురంలో పెట్టాలని ఉంది. ఇంటినీ, తనతోపాటు రేకులు తీసే ఆడవాళ్లనీ వదిలి అంత దూరం వెళ్లాలంటే ఏడుపొచ్చేస్తోంది.

"మరి ఈ 'ఇతర ప్రాంతాలు' ఏంటండీ?" అంది ఆయన తీసి చూపించిన పట్టికలో చివరి వరుస మీద వేలు పెట్టి.

"చిన్న ఊళ్లులే. కొద్దిమందే చూస్తే ఆ ఊరి పేరు వెయ్యదు. అన్నీ కలిపి ఒకే గంపలో పడేస్తుంది."

"ఆ గంపలో మన అమలాపురం ఉందేమో! అది విప్పి చూపించండి. అప్పుడు మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను."

గంప విప్పే వీలు ఆ నివేదికలో లేదు. అయితే ఆయన బుర్ర ఊరుకునే రకం కాదు. ఒక ఊరి వాళ్లు ఒక్కసారిగా ఎక్కువమంది చూస్తే ఆ పేరు పట్టికలోకి ఎక్కక తప్పదు కదా! అలా ఒక్కో ఊరినీ గంపలోంచి బయటికి లాగొచ్చు. వెంటనే రాజోలులో ఉన్న సత్యవతి పిన్నికి ఫోను చేశాడు.

"పిన్నీ, మీ వీధిలో వాళ్ల చేత మా సైటు ఒక్కసారి తెరిపించాలి. చూసి కట్టేస్తే చాలు."

"అదెంత పనిరా! అందరికీ కబురెడతాను."

పిన్ని కబురు ఆవిడ వీధిలో ఆగలేదు. పెళ్లిళ్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లి అక్కడి నుంచి అమలాపురం చేరింది. కాసేపటికి అక్కడుండే తులసి అక్కగారు లీలావతి ఫోను.

"ఏమండీ మరిదిగారూ, రాజోలు వాళ్లందరికీ పిలుపులు అందేయంట. మేం పరాయివాళ్లం అయిపోయేమా అండీ?"

"అయ్యో వదినగారూ, ఇది శుభకార్యం కాదండీ! ఊరికే సైటు చూడ్డానికండీ!"

"ఏదైనా పిలుపు పిలుపేనండీ."

ఆవిడను పిలిచాడు. ఆవిడ తోడికోడలికి విడిగా ఫోను చెయ్యాలట, చేశాడు. అమలాపురాన్ని పిలిచి కొత్తపేటను వదిలేశారని మేనత్త అలిగింది. నాగదుర్గాప్రసాద్ మధ్యాహ్నం భోజనం మానేసి వరసలు కలుపుకుంటూ ఇంటింటికీ ఫోన్లు చేశాడు. పెద్దవాళ్లను ముందు పిలవలేదని ఒకచోట, మగవాళ్లకే చెప్పి ఆడవాళ్లకు చెప్పలేదని ఇంకోచోట క్షమాపణలు కూడా చెప్పుకున్నాడు. తన పెళ్లికి కూడా ఆయన ఇంత శ్రమపడలేదు.

అటు తులసి ఫోను మోగుతూనే ఉంది. అమ్మే చోటికి వచ్చి ఊరికే చూసి పోవడం మర్యాద కాదని, పిలుపందుకున్న ప్రతి ఇంటివాళ్లూ తలా ఒక పెట్టె పూతరేకులు చెబుతున్నారు.

సాయంత్రం ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. 'ఇతర ప్రాంతాలు' ఉన్నచోటే ఉంది. రాజోలు లేదు, అమలాపురం లేదు, కొత్తపేట అసలే లేదు. హైదరాబాదు గీత మాత్రం కొబ్బరిచెట్టులా నిలువునా లేచింది.

"చూశావా! ఇంత చేసినా హైదరాబాదే గెలిచింది!" అంటూ ఆయన ఆసామీ నంబరు వెతకసాగాడు. తులసి ఆ గీత మీద వేలు పెట్టి, మెల్లగా అడిగింది.

"ఏవండీ, ఇవాళ చూసినోళ్లంతా మనం పిలిచినోళ్లే కదండీ?"

"ఆయ్."

"మరి వాళ్లంతా హైదరాబాదు ఎప్పుడెళ్లేరండీ?"

ఆయన వేలు నంబరు మీదే ఆగిపోయింది. సైటు తయారుచేసిచ్చిన హేమంత్‌కు ఫోను చేశాడు.

"సెల్‌ఫోన్లో చూస్తే అంతేనండి. ఫోను కంపెనీ వాళ్ల యంత్రాలు ఎక్కడుంటే ఆ ఊరి పేరే పడుద్దండి. మన ఊళ్ల ఫోన్లకి అవి హైదరాబాదులో ఉన్నాయండి," అన్నాడు హేమంత్ ప్రశాంతంగా.

"ఏడాదిగా చెప్పలేదేంటయ్యా!"

"హైదరాబాదు, హైదరాబాదు అని మీరంత సంతోషంగా ఉంటే చెప్పబుద్ధి కాలేదండి."

తులసికి నవ్వాగలేదు. "అంటే ఇన్నాళ్లూ చూసేది మనోళ్లేనండీ! చూసి, బండేసుకుని తిన్నగా కొట్టుకే వచ్చేత్తన్నారు. ఇంక ఫోనెందుకు చేత్తారు?"

నాగదుర్గాప్రసాద్ కూడా నవ్వేశాడు. హైదరాబాదు ఆసామీకి మర్యాదగా వద్దని చెప్పి, అమలాపురంలో కొట్టు చూడమని లీలావతి వదినగారిని అందరికంటే ముందుగా పిలిచాడు. అంతలో రాజోలు నుంచి ఫోను వచ్చింది.

"ఒరేయ్ ప్రసాదూ, మా పేరు పడిందా?" అంది పిన్ని ఆశగా.

"పడింది పిన్నీ, హైదరాబాదులో."

గోదావరి వంతెన ఏనాడూ దాటని సత్యవతి పిన్ని, ఆ రాత్రి పొరుగింటావిడతో, వెళ్లి చూసొచ్చినదానిలా, హైదరాబాదు పెద్దగా బావులేదని చెప్పింది.