ఇసబ్‌గోల్ సమరము, నాలుగు వేళ్ల రాజ్యము

వినుడు, వినుడు! మంజీరా తరంగ శీకర శీతల పవన పరివీజితమై, నిజాంసాగర్ కాలువ జలధారా పరిపుష్ట శాలిక్షేత్ర పరివృతమై, లారీల హారన్ ఘోషములతోను, బస్టాండు ముందరి మిర్చిబజ్జీల మూకుళ్ల నుండి లేచు ధూమ పరిమళములతోను అహర్నిశము విరాజిల్లు బాన్సువాడ పట్టణమున, వరికోతలు ముగిసి, వడ్లు రోడ్ల మీద ఆరి బస్తాలకెక్కి, పెండ్లి పత్రికలు ఇంటింటను జొరబడుచున్న హేమంతకాలమున జరిగిన యొక మహాయుద్ధమును గానము చేయబోవుచున్నాను. సరస్వతిని పిలువను. ఇంత చిన్న పనికి ఆ తల్లిని కష్టపెట్టడం మర్యాద కాదు. ఈ కథకు అధిదేవత కడుపు. ఓ జఠరమా, ఎంత వేసినను నిండని కుండమా, నా నోట నిలిచి పలికింపుము!

ఇక మన వీరుడు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టి ప్రాణము పోయు వైండింగ్ విద్యా విశారదుడు, జాతరల్లో పౌరాణిక నాటకములాడునప్పుడు రాజు వేషము కట్టి గదాపాణియై రంగస్థలపు పలకలను కిర్రుమనిపించువాడు, త్రికాల భోజన దీక్షాపరుడు, నాల్గవ కాలమున బజ్జీలను మరువనివాడు, పృథులోదరుడు, భీంరావు. ఏమి వీరుడండీ! చొక్కా కింది గుండీలు అతని కొలువు మాని ఎన్నడో వెళ్లిపోయాయి. కూర్చుంటే లేవడానికి ఒక నిట్టూర్పు, లేస్తే కూర్చోవడానికి ఇంకొక నిట్టూర్పు. ఇతని మీద వీరగాథ చెప్పమని నన్ను నియమించిన విధిని ఏమనాలి?

ఈ మహానుభావునికి ఒక రాజ్యముండెను. అది అతని మోటారు సైకిలు సీటులో వెనుక సగము. పెండ్లయిన కొత్తలో అతని ఇల్లాలు శ్రీలత, ఇంట్లోనే మిషను పెట్టి బాన్సువాడలో సగం మంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టే శ్రీలత, ఆ సీటు మీద పక్కకు తిరిగి కూర్చుని, భర్త భుజము మీద చెయ్యి వేసి, చుట్టుపక్కల దావత్‌లన్నింటికీ పోయి వచ్చేది. కాలక్రమమున పూరీలు, బిర్యానీలు, గులాబ్‌జామూన్‌లు చతురంగ బలములై దండెత్తి వచ్చి, భీంరావు నడుము చుట్టూ గుడారములు వేసి, ఆ సీటును కొంచెం కొంచెముగా కబళించెను. శ్రీలత మొదట వెనక్కి జరిగింది, తరువాత సీటు వెనుక కడ్డీ మీదికి జరిగింది, ఆపై జరగడానికి చోటు లేక మోతీరాం ఆటో ఎక్కింది. అప్పటి నుంచీ ఏ పెళ్లికైనా ముందు బండి మీద భీంరావు ఏకచ్ఛత్రాధిపతిగా, వెనుక ఆటోలో ఆమె దుమ్ము మింగుతూ. ఏమి ఊరేగింపు, ఛీ! అయితే నిజం దాచకూడదు. భుజము మీద ఆ చెయ్యి లేకపోవడం అతనికి బాధగానే ఉండేది. బాధ కలిగినప్పుడల్లా పోయి బజ్జీలు తినేవాడు.

ఇట్లుండ, బిచ్కుందలో రాగితీగలమ్మే అబ్దుల్ కరీం, భీంరావుకు పాత దోస్తు, తన కొడుకు ఆరిఫ్ పెండ్లి తరువాతి వలీమా విందుకు పత్రిక పంపెను. శ్రీలత పత్రిక చూసింది. కత్తెర పక్కన పెట్టింది.

“గీ దావత్‌కు నేను బండి మీద నీ ఎనక కూసుండి వస్త. జాగ ఉంటె వస్త, లేకుంటె ఇగ నీతోని ఏ దావత్‌కు రాను. నువ్వు ముంగట దొర లెక్క పోవుడు, నేను ఎనక సామాను లెక్క వచ్చుడు. నాకు షరమైతున్నది.”

అది విని ఆ రంగస్థల భయంకరుడు దిగ్గున లేచి, అంటే నిట్టూర్చి మెల్లగా లేచి, దక్షిణ హస్తమును గగనమున కెత్తి, ఇంటి రేకులు అదురునట్లు గర్జించెను:

“ఓ శ్రీలతా! మంజీర ఎదురు పారినను, సూర్యుడు పడమటి మద్నూర్ దిక్కున ఉదయించినను, ఆక్రమితమైన నీ సింహాసనమును నీకు మరల సమర్పింతును! నా ఆకలి శిరమును ఖండింతును! ఇదే నా భీషణ ప్రతిజ్ఞ!”

“ఖండిస్తువు గని, ముందుగాల గా చేతుల ఉన్న బజ్జీ పక్కకు వెట్టు,” అన్నది శ్రీలత.

ప్రతిజ్ఞ అయింది, ఇక అస్త్రము కావాలి. భీంరావు మెడికల్ షాపుకు పోయాడు. అక్కడ కౌంటరు వెనుక షాగుఫ్తా ఉన్నది. ఆ షాపు ఆమెదే, మందుతో పాటు బుద్ధి కూడా చెప్పి పంపే మనిషి.

“చెల్లే, ఆకలి సచ్చే మందేమన్న ఉన్నదా?”

“ఆకలిని సంపే మందు ఉండదన్నా. గీ ఇసబ్‌గోల్ పొట్టు తీస్కపోర్రి. తినే ముంగట పెద్ద గిలాసెడు నీళ్లల్ల చెంచాడు కలుపుర్రి. కలిపినంక ఆగొద్దు, ఎంబడే తాగాలె. మీదికెల్లి ఇంకో గిలాస నీళ్లు తాగాలె. అది కడుపుల ఉబ్బి నిండినట్టు కొడ్తది. గప్పుడు మీరు తక్కువ తినాలె.”

“అంటే తిండి అదే తగ్గిస్తదన్నట్టు.”

“అది తగ్గియ్యదన్నా, తగ్గిచ్చేది మీరే,” అని ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కాని వీరులకు తమకు పనికివచ్చే మాట మాత్రమే వినబడుతుంది. పొట్లమును అమ్ములపొది వలె భుజాన వేసుకుని భీంరావు మరలెను.

మరునాటి ఉదయము ప్రథమ యుద్ధము. స్టీలు గిలాసలో నీరు, నీటిలో పొట్టు, గిరగిర తిరుగు చెంచా! అప్పుడే తాగి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసి మనమందరమూ ఇళ్లకు పోయేవాళ్లం. కాని మన నాటకాల సంప్రదాయము మీకు తెలుసు కదా. గద చేతికి వచ్చినవాడు గొంతెత్తకుండా దానిని దించడు. ఇంతకాలం రాజు వేషము వేసిన ఆ చెయ్యి గిలాసను ఎత్తగానే, పాపం, నోరు దానంతటదే తెరుచుకున్నది:

“ఓరీ క్షుధాసురా! దురాత్మా! ఉదయమున ఉప్మావై, మధ్యాహ్నమున పులుసువై, సాయంకాలమున బజ్జీవై, బహురూపములు దాల్చి నన్ను వంచించిన మాయావీ! నేడు నీకు మూడినది! వంటింటి గడప సాక్షిగా, గ్యాసు పొయ్యి సాక్షిగా, ఈ శ్వేతచూర్ణ మహాస్త్రముతో నిన్ను నీ గుహలోనే బంధించి, నీ బంధుమిత్ర సపరివారముగా, ఏలకుల టీతో సహా...”

టీతో సహా ఏమి చేయునో అతడు ఇంకను చాలాసేపు వివరించెను. ఉపసంహారము ముగించి, మీసము దువ్వి, గిలాసను పెదవులకు ఆనించి ఎత్తెను. ఏమీ రాలేదు. ఇంకా ఎత్తెను. రాలేదు. తలక్రిందులు చేసెను. ఒక్క చుక్క రాలలేదు. పొట్టంతా ఉబ్బి, ముద్దకట్టి, గిలాస అడుగున గట్టిగా కూర్చున్నది.

“మంచిగైంది,” అన్నది శ్రీలత. “గది నీ డైలాగులు ఒడిసేదాక ఆగుతదా? తాగుతవా, ఆట ఆడుతవా?”

అస్త్రము వ్యర్థమైన దుఃఖములో వీరుడు జొన్నరొట్టెల మీద పడ్డాడు. సాయంత్రమూ అదే కథ. మరునాడూ అదే కథ. నోరు మూసుకుని ఒక గిలాస తాగలేని మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

తరువాత ఒకనాడు గొంతు బొంగురుపోయినందువల్ల ప్రసంగము కురచై, అస్త్రము ఎట్టకేలకు లోపలికి దిగింది. దిగిన వెంటనే ఏమన్నాడో వింటారా?

“పొడి తాగిన కదనే, ఇగ ఫికర్ లేదు. ఇంకో రెండు పూరీలు వెయ్యి.”

హవ్వ! ఆ పొట్టు తన బదులు ఉపవాసముంటుందనుకున్నాడు ఈ పండితుడు! లోపల పొట్టు, దాని మీద పూరీలు, పూరీల మీద ఆలుగడ్డ కూర. మధ్యాహ్నానికి ఆ ఉదరకుహరమున భేరీలు మోగినవి, మృదంగములు మోగినవి, శంఖములు మోగినవి. అతని వైండింగ్ దుకాణంలో కాలిన మోటారు తెచ్చి కూర్చున్న వర్ని ఊరి రైతు ఒకాయన చెవి రిక్కించి, “నా మోటారు బాగైనట్టుందే, శబ్దం వస్తోంది,” అని సంబరపడ్డాడు. భీంరావు కడుపు అదిమి పట్టుకున్నాడు. మోటారు ఇంకా విప్పనే లేదు మరి.

వలీమా దగ్గర పడెను. ఒక సాయంకాలము భీంరావు వాకిట్లో బండి మీద కూర్చుని ఉండగా, శ్రీలత మెడలోని టేపు తీసి, వెనక మిగిలిన సీటును కొలిచింది. కొలవడానికి ఏమైనా ఉంటే కదా! ఆమె టేపును చుట్టింది. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం చూసే అతనికి భయమేసింది.

“మోతీరాంకు చెప్పొస్త,” అన్నది. “గీ ఒక్కపారి ఆటో తెమ్మంట. ఇగ మీద నువ్వొక్కనివే పోవచ్చు, అడిగేటోళ్లకు నాకు పానం బాలేదని చెప్పు.”

ఆ మాట వీరుని గుండెలో గుచ్చుకున్నది. అతనికి ఒక్క డైలాగూ గుర్తు రాలేదు. ఆమె మళ్లీ మిషను ముందు కూర్చుని తల వంచుకుని కుడుతూ ఉంటే చూశాడు. తరువాత వంటింట్లోకి పోయాడు.

ఓ శ్రోతలారా, ఇప్పుడు చెప్పబోవు దానిని నేనే నమ్మలేకున్నాను. గిలాస ఎత్తెను. పొట్టు కలిపెను. అలవాటు చొప్పున ఛాతీ ఉబ్బెను, నాసికాపుటములు అదరెను, నోరు తెరుచుకొనెను, “ఓరీ” అను శబ్దము కంఠద్వారము వరకు వచ్చెను. అక్కడే ఆ శబ్దమును పట్టి, నొక్కి, మింగి, దాని వెంటనే గిలాసెడు ఇసబ్‌గోలును గటగట తాగెను. మీద ఇంకొక గిలాసెడు నీళ్లు తాగెను. ఆపై నోరు మూసుకుని కూర్చునెను. జాతరలో తెర దించినా ఆగని ఆ నోరు!

ఆకలి చావలేదు. అది చచ్చే రకం కాదు. గొంతు తగ్గించి ఒక మూలకు కూర్చున్నది, అంతే. రాత్రి కంచంలో రెండో రొట్టె తరువాత శ్రీలత మూడోది వెయ్యబోతే, భీంరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

“చాలు.”

ఆమె రొట్టె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆ మాట అతని నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

“ఏమైంది? జరమొచ్చిందా?”

అతడు తల అడ్డంగా ఊపాడు. అది మొదలు ప్రతి పూట మౌనయుద్ధమే. బస్టాండు ముందర మూకుడులో బజ్జీలు చిటపటమని పిలిచేవి, అతడు బండి ఆపేవాడు, గుటక వేసేవాడు, మళ్లీ కిక్కు కొట్టేవాడు. ఒకసారి మాత్రం ఆగి తిన్నాడు. నేనేం దాచను. తిని, ఇంటికి వచ్చి, అడగకముందే ఒప్పుకున్నాడు.

వలీమా దినము వచ్చెను. శ్రీలత ఎర్రంచు పట్టుచీర కట్టి, చంకకు బ్యాగు తగిలించుకుని వాకిట్లోకి వచ్చింది. భీంరావు బండి మీద కూర్చుని, ట్యాంకును కౌగిలించినంత ముందుకు జరిగి, ఊపిరి లోపలికి బిగబట్టి ఉన్నాడు. గేటు బయట మోతీరాం ఆటో ఆపి, స్టీరింగు మీద మోచేతులు పెట్టి, నాటకం చూడవచ్చినవాడిలా చూస్తున్నాడు.

శ్రీలత వంగి చూసింది. సీటు కనబడింది! దిక్కులు పిక్కటిల్లుగాక! ఎంతో కాలముగా సూర్యరశ్మి సోకని ఆ నల్లని రెగ్జిన్ వెలుగు చూసెను. నాలుగు వేళ్ల వెడల్పు. ఆమె ఒక కాలు ఎత్తి కూర్చోబోయింది. కూర్చోలేకపోయింది. నాలుగు వేళ్లలో మనిషి పట్టదు కదా.

భీంరావు బిగబట్టిన ఊపిరి వదిలాడు. నాలుగు వేళ్లు రెండు వేళ్లయ్యాయి.

“ఇగ అయిపాయె,” అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ. “నువ్వు ఆటోలనే రా. ఇగ మీద రాకున్న ఏమనను.”

శ్రీలత నవ్వు ఆపుకోలేకపోయింది. భుజం మీది బ్యాగు తీసి, ఆ సందులో ఇరికించి, దాని పట్టీని అతని భుజానికి తగిలించింది.

“ఈపారికి నా బ్యాగు కూసుంటది. వచ్చే దావత్‌కు నేను కూసుంట. మెల్లగ పో, కింద పడనీయకు. ఆడికి పోంగనే బ్యాగు తెరువు.”

“బోణీ అయింది పో అన్నా!” అని మోతీరాం ఆటోలోంచి అరిచాడు. “ఇయ్యాల బ్యాగు కిరాయి పోయింది నాకు!”

వచ్చే దావత్‌కు అన్నది! విన్నారా? భీంరావు విన్నాడు. ఒకప్పుడు ఆమె చెయ్యి ఉన్న భుజము మీద ఇప్పుడు బ్యాగు పట్టీ పెట్టుకుని, బాన్సువాడ నుండి బిచ్కుంద దాకా, గుంత వచ్చినచోటల్లా వెనక్కి చెయ్యి పెట్టి ఆ బ్యాగును తడిమి చూసుకుంటూ పోయాడు.

షామియానా దగ్గర అబ్దుల్ కరీం ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

“ఆవో భాయ్, ఆవో! భాభీ ఏది?”

“ఎనక వస్తున్నది,” అని భీంరావు బ్యాగు చూపించాడు. “ఆమె బ్యాగు నాతోని వచ్చింది.”

కరీం ఆ బ్యాగునూ, ఆ ముఖంలోని గర్వాన్నీ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థం కాక, కుర్చీ చూపించాడు. భీంరావు బ్యాగు తెరిచాడు. లోపల పెద్ద నీళ్ల సీసా, స్టీలు గిలాస, చెంచా, ఇసబ్‌గోల్ పొట్లము.

ఎదురుగా దేగ్చాల మూతలు లేచుచున్నవి. బిర్యానీ ఆవిరి మేఘమండలమై కమ్ముచున్నది. ఖుబానీ మీఠా గిన్నెలు బారులు తీరుచున్నవి. చుట్టూ వందల మంది ప్రేక్షకులు. ప్రసంగమునకు ఇంతకంటె మంచి రంగస్థలము ఏ నటునికైనను దొరుకునా? భీంరావు గిలాసను కలిపెను, ఎత్తెను, సభను ఒక్కసారి చూసెను, తాగెను.

ఆటో దిగి వచ్చిన శ్రీలత ముందుగా గిలాస అడిగి తీసుకున్నది. తలక్రిందులు చేసింది. ఒక నీటిచుక్క జారి నేల మీద పడింది. గిలాసను తిరిగి అతని చేతిలో పెట్టింది. ఆడవాళ్ల వైపు పరదా ముందర చెప్పులు విడవడానికి ఒంటికాలి మీద నిలబడి, పడిపోకుండా భర్త భుజము మీద చెయ్యి వేసింది.

జయము! జయము! నాలుగు వేళ్ల సీటును గెలిచి, మళ్లీ రెండు వేళ్లు పోగొట్టుకుని, హస్తసంచిని సింహాసనమున కూర్చుండబెట్టిన బాన్సువాడ వీరునికి జయము! ఇంతేనా అంటారా? ఇంతే. రెండో చెప్పు కూడా విడిచేదాకా ఆమె ఆ చెయ్యి తియ్యలేదు.