నీలం కోటు మీద కోరిక

నేను దర్జీని. ఊళ్లో అందరూ నన్ను ‘రేపుగారు’ అంటారు. ఎవరి బట్టలు ఎప్పుడడిగినా నా నోట వచ్చేది ఆ మాటే కాబట్టి, ఆ పేరు పెట్టినవాళ్లను తప్పుపట్టలేను.

మా ఆవిడ నీలం ఉన్నిగుడ్డ తెచ్చి, చలికోటు కుట్టమని నా బల్లమీద పెట్టి మూడు చలికాలాలు దాటింది. నాలుగోది గుమ్మం దాకా వచ్చేసింది. పాతకోటుకి మోచేతుల దగ్గర చిల్లులు. అందులో ఆవిడ వణుకుతుంటే చూడలేక తల తిప్పుకునేవాణ్ణి.

“ఏమండీ, నా కోటు?”

“చేతినిండా పనే. రేపు.”

“నేను పెళ్లాన్నండీ, గిరాకీని కాదు.”

“అందుకే రేపన్నాను. గిరాకీ అయితే ఎల్లుండి అనేవాణ్ణి.”

ఆ వారమే లైబ్రేరియన్‌గారు నడుము వదులు చేయమని ప్యాంటు ఇచ్చారు. దాని జేబులో చిన్న పుస్తకం, బుద్ధుడి బోధలు. మొదటి పేజీ సగం చదివేసరికే నాకు జ్ఞానోదయమైపోయింది. దుఃఖానికి మూలం కోరికేనట! ఇన్నాళ్లూ ఈ సంగతి తెలియక అనవసరంగా మాటలు పడ్డాను.

“చూడవే, నీ బాధ చలివల్ల కాదు. కోటు కావాలన్న కోరికవల్ల. ఆ కోరిక వదిలెయ్, బాధ దానంతటదే పోతుంది.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పుస్తకం లాక్కుని మధ్యాహ్నమంతా చదివింది. సాయంత్రం ఎక్కడికో వెళ్లొచ్చి, “అలాగేనండీ, వదిలేశాను” అంది.

ఇరవయ్యేళ్ల కాపురంలో ఆవిడ ఇంత తేలిగ్గా ‘అలాగే’ అనడం అదే మొదలు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు పొద్దున్నే చిల్లులకోటు తొడుక్కుని, కొట్లో గిరాకీలు కూర్చునే బల్లమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మొదట హెడ్మిస్ట్రెస్ వచ్చింది. ఊరంతా ఆవిణ్ణి బెత్తంగారంటారు.

“నా గౌను అయిందా?”

నేను ‘రే’ అనేలోపే మా ఆవిడ అందుకుంది. “కోరిక దుఃఖానికి మూలమటమ్మా. మా ఆయనే చెప్పారు. నేను వదిలేశాను, చూడండి.” చూడమని మోచెయ్యి ముందుకు చాపింది.

“సొంత పెళ్లానికే ఈ గతి పట్టిస్తే, ఇక నాకేం కుడతావయ్యా?” అని బెత్తంగారు గుడ్డ చంకలో పెట్టుకుని చక్కాపోయింది.

తరవాత పోస్టుమాస్టరు ఒక చెయ్యి మాత్రమే కుట్టిన చొక్కా పట్టుకుపోయాడు. లైబ్రేరియన్‌గారు నడుము సగం విప్పిన ప్యాంటు పట్టుకుపోయారు. పుస్తకం మాత్రం మా ఆవిడకే వదిలేశారు. మధ్యాహ్నానికి అల్మారాలో మిగిలింది నీలంగుడ్డ ఒక్కటే.

“నా కొంప ముంచావు కదే!”

“కొంపమీద కూడా మమకారం ఉండకూడదటండీ. నాలుగో పేజీలో ఉంది.”

చేతికి పనిలేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. పైగా ఆ మోచేతులు చూసి ఊరు ఊరంతా నవ్వుకుంటోందేమోనని ఒకటే బెంగ. చివరికి టేపు తీశాను.

“నాకొద్దండీ. కోరిక పోయింది.”

“నాకు కావాలే! నువ్వు తొడుక్కోవాలే!”

“అయ్యో, మీకు పుట్టిందా కోరిక?” అంటూ ఎంతో దయతో చేతులు చాపింది. నడుము కొలత పెరిగిందని నేను అనలేదు. ఆమాత్రం జ్ఞానం నాకూ ఉంది.

రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా కుట్టాను. కాజాలన్నీ చేత్తోనే వేశాను. అడక్కపోయినా లోపల రెండు జేబులు పెట్టాను. ఆవిడ తొడుక్కుని, జేబుల్లో చేతులు పెట్టుకుని, అద్దంముందు అలాగే నిలబడిపోయింది. కళ్లు చెమర్చాయి. మూడు చలికాలాలు ఈ ముఖం చూడకుండా ఎలా ఉన్నానా అనిపించింది.

మూడోరోజు తలుపు తీస్తే, పట్టుకెళ్లిన మూటలే పట్టుకుని అందరూ గుమ్మంలో ఉన్నారు.

“రెండ్రోజులు దాచమని మీ ఆవిడ ఇంటింటికీ వచ్చి చెప్పింది, దాచాం. కోటు భలే కుదిరిందయ్యా!” అంది బెత్తంగారు.

నేను తెల్లముఖం వేశాను.

“చేతినిండా పనన్నారుగా, అందుకే చెయ్యి ఖాళీ చేయించాను” అంది మా ఆవిడ. “పుస్తకం మీరు సగం పేజీ చదివి ఆపేశారు. దుఃఖం ఉంది, దానికో కారణం ఉంది, అది పోతుంది, పోవడానికి దారి ఉంది అని నాలుగు మాటలున్నాయండీ అందులో. దుఃఖం నా చలి. కారణం మీరు. మిగతా రెండూ నేను చూసుకున్నాను.”

అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ తల గోక్కుంటూ నవ్వాను.

“మరి నా ప్యాంటెప్పుడు?” అన్నారు లైబ్రేరియన్‌గారు.

అలవాటుకొద్దీ నోరు తెరిచాను. మా ఆవిడ నీలంకోటు జేబులోంచి మెల్లగా ఆ పుస్తకం తీసింది.

“ఇవాళేనండీ” అన్నాను.