మీటరు బావగారూ మాయమైన సర్టిఫికెట్టూ

"నేరస్థుల్లారా, వినండి! ఈ ఇంట్లో నేనున్నంత కాలం గుండుసూది కూడా పోదు. పోయినా నా చేతికి చిక్కకుండా వీధి చివర దాకా కూడా వెళ్లలేదు!"

ఈ ప్రకటన చేసింది పోలీసు కమిషనరు కాదు. పొద్దున పదకొండింటికి, బనియనుతో, నోటి నిండా పేస్టు నురగతో వాష్‌బేసిన్ ముందు నిలబడ్డ ఒక కరెంటు మీటర్ల ఉద్యోగి. ఆ నురగలో సగం ఎదురుగా ఉన్న మరదలి ముఖం మీద పడింది.

మరదలు ముఖం తుడుచుకుంది. "బావగారూ, పోయింది గుండుసూది కాదు. నా నర్సు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు. సాయంత్రం ఐదింటిలోగా ఆసుపత్రి ఆఫీసులో ఒరిజినల్ చూపించకపోతే నా ఉద్యోగం వెయిటింగ్ లిస్టులో ఉన్నావిడకి ఇచ్చేస్తారు."

"ఒరిజినల్..." బావగారు కళ్లు చిన్నవి చేశాడు. "అంటే నకిలీ కూడా ఎక్కడో ఉందన్నమాట. ఈ కేసు నేననుకున్న దానికన్నా లోతైనది."

మరదలికి ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం కోసం ఆమె రెండేళ్లు చదివింది. ఒక చిన్న క్లినిక్కులో నిలబడి నిలబడి కాళ్లు వాచిపోయేలా పనిచేస్తూనే చదివింది. పెద్దాసుపత్రి నుంచి పిలుపు రాగానే, ఎలాగూ అదే ఊళ్లో ఉన్నారు కదా అని నాలుగు రోజుల కిందట అక్కాబావల ఇంటికి వచ్చింది. కాగితాలన్నీ నీలం ఫైల్లో పెట్టి, ఫైలును అరలో పెట్టింది. ఇవాళ తీసి చూస్తే అన్నీ ఉన్నాయి, ఫొటో అంటించి లామినేషన్ చేయించిన ఆ ఒక్క సర్టిఫికెట్టు తప్ప. కొత్తది కావాలంటే మూడు నెలలు పడుతుందట.

ఆమె పోలీస్ స్టేషనుకు వెళ్దామనుకుంది. బావగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పోలీసులా? వాళ్లు నా దగ్గరికి రావాలిగానీ మనం వాళ్ల దగ్గరికి వెళ్లడమేంటి?" అని, అప్పటికప్పుడే ఆఫీసుకు ఫోను చేసి కడుపునొప్పి అని సెలవు పెట్టేశాడు.

బావగారు పద్దెనిమిదేళ్లుగా ఇంటింటికీ వెళ్లి కరెంటు మీటర్లు చదువుతున్నాడు. ఆ చదువుతోనే తనకు అపరాధ పరిశోధన అబ్బిందని ఆయన నమ్మకం. నెలకు రెండొందల యూనిట్లు దాటిన ఏ ఇల్లూ అమాయకమైంది కాదనేది ఆయన సిద్ధాంతం. పోయినేడాది ఒకరింట్లో యూనిట్లు హఠాత్తుగా పెరిగితే, లోపల దొంగమందుల ఫ్యాక్టరీ నడుస్తోందని తేల్చి, కిటికీలోంచి లోపలికి దూకాడు. తీరా చూస్తే ఆ ఇంట్లో కవలలు పుట్టారు, వాషింగ్ మెషీను కొన్నారు. ఆ కవలల అమ్మమ్మ ఈయన్ని చీపురుతో వీధి మలుపు దాకా సాగనంపింది. బావగారి డైరీలో మాత్రం ఆ కేసు "సాక్షుల సహాయ నిరాకరణ వల్ల నిలిచిపోయినది" అని ఉంది.

అక్క సంగతి వేరు. ఆవిడ ఇంట్లోంచి ఏ చెత్తనీ బయటికి పోనివ్వదు. ఆదివారం మహిళా సంఘం హాల్లో "వ్యర్థంలో అర్థం" అని ప్రదర్శన పెడుతోంది. అందుకని కోడిగుడ్ల అట్టలు గులాబీలయ్యాయి, షాంపూ సీసాలు గుడ్లగూబలయ్యాయి, పాత టూత్‌బ్రష్షులు అద్దానికి చట్రమయ్యాయి. సోఫాలో కూర్చోవాలంటే ముందు పదకొండు ప్లాస్టిక్ హంసల్ని లేపాలి. ఆ ఇంట్లో ఖాళీగా ఉండేది చెత్తబుట్ట ఒక్కటే. దానికీ రంగేసి హాల్లో పెట్టారు.

"ముందు నేరస్థలం!" అని బావగారు బోర్లా పడుకుని అర వైపు పాకడం మొదలుపెట్టాడు. చేతిలో భూతద్దం. అది కూడా అక్క చేసిందే, సోడాసీసా అడుగు కోసి చెంచా కాడ తగిలించి. అందులోంచి చూస్తే ప్రతిదీ వంకరగానే కనిపిస్తుంది. బావగారికి లోకం అలా కనిపించడం కొత్తేం కాదు.

"ఆగండి! ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు.

కదిలింది ఆయనొక్కడే. ఆయన కాలు తగిలి సీసా మూతల తెర మొత్తం తెగి గలగలా నేలపాలైంది.

"అయ్యో, నా తెర!" అని అక్క గుండెలు బాదుకుంది. "మూడొందల మూతలండీ అవి!"

"తెర తొలగింది, రహస్యం బయటపడింది" అన్నాడు బావగారు. అర మీద వేలితో రాసి పైకెత్తి చూపించాడు. "తెల్లటి పొడి! మత్తుమందు! దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది!"

అని ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. రెండు క్షణాలు ధీరగంభీరంగా చప్పరించాడు. ముఖం అదోలా అయింది.

"ఏంటండీ?" అంది అక్క ఆత్రంగా.

"టాల్కం పౌడరు" అని పరుగెత్తి వాష్‌బేసిన్లో ఉమ్మేసి వచ్చాడు. "అంటే నేరస్థుడు శుభ్రంగా స్నానం చేసే మనిషి. ఈ ఒక్క ఆధారంతో మన వీధిలో సగం మంది నిర్దోషులని తేలిపోయింది."

"బావగారూ, పన్నెండయింది" అంది మరదలు, ఏడుపు దిగమింగుకుని. ఈలోగా తనే మంచాల కింద, పరుపుల కింద, బట్టల మధ్య, అక్క హంసల పొట్టల్లో వెతికేసింది. ఎక్కడా లేదు.

"కంగారుపడకు. దొంగ ఎవరో నాకు తెలిసిపోయింది" అన్నాడు బావగారు. "నిన్న మన గుమ్మం ముందు తచ్చాడింది ఎవరు? పాత పేపర్ల వాడు! కాగితాల వాసన పసిగట్టే ముక్కు వాడిది. పద!"

ఈసారి మారువేషం తప్పదన్నాడు. అక్క పాత చీపురు పుల్లలతో చేసిన కుంచెలోంచి ఒక కుచ్చు పీకి, బంక రాసి పైపెదవి మీద అంటించుకున్నాడు. మెడకు దుప్పటి చుట్టుకున్నాడు. మండుటెండలో ఆ అవతారంతో వీధి చివరి దుకాణానికి నడుస్తుంటే, ఆయనకు పదడుగులు వెనకగా, ఏ సంబంధమూ లేనట్టు మరదలు నడిచింది.

"రండి మీటరు సారూ" అన్నాడు పాత పేపర్ల వ్యాపారి, కళ్లు కూడా ఎత్తకుండానే. "మీసం కిందికి జారింది, చూసుకోండి."

బావగారు మీసం పైకి తోసుకున్నాడు. "నేను మీటరు సారును కాను. పొరుగూరి వర్తకుణ్ని. లామినేషన్ చేసిన కాగితాలు కొంటాను. నిన్న నీకు ఒకటి దొరికిందని విన్నాను."

"మీ ఇంటి నుంచా? మీ ఇంటి నుంచి నాకు కాగితం ముక్క వచ్చి ఏడాది దాటింది సార్. మీ ఆవిడే వచ్చి నా దగ్గర్నుంచి అట్టపెట్టెలు పట్టుకుపోతున్నారు. నేను నిన్న వచ్చింది వాటిని తిరిగి అడగడానికే."

"అబద్ధం!" అని బావగారు ఆ పేపర్ల గుట్టలోకి చెయ్యి పెట్టి అడుగునున్న కట్ట లాగాడు. గుట్ట ఒక్కసారి ఊగి, నిదానంగా ఆయన మీదికి ఒరిగింది. మరదలూ వ్యాపారీ కలిసి ఆయన్ని బయటికి లాగి, పేపర్లన్నీ మళ్లీ పేర్చేసరికి గంటన్నర పట్టింది. పేర్చకుండా కదలనివ్వనన్నాడు వ్యాపారి. అతన్ని తప్పుపట్టడానికి మరదలికి మనసొప్పలేదు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. మరదలు కుర్చీలో కూలబడింది. వెయిటింగ్ లిస్టులో ఉన్నావిడ ఈపాటికి ఆఫీసు బెంచీ మీద కూర్చుని గడియారం చూస్తూ ఉంటుంది. ఊరికి తిరిగెళ్లి మళ్లీ ఆ క్లినిక్కులోనే, మళ్లీ ఆ వాచిన కాళ్లతోనే... ఆ ఆలోచనకు నిలువునా నీరైపోయింది.

బావగారు ఆమె చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఠక్కున ఆగి వేలు చూపించాడు.

"సర్టిఫికెట్టు ఎక్కడుందో ఆఖరిసారిగా తెలిసిన మనిషి ఎవరు? నువ్వు! ఫైలు ముట్టుకున్నదెవరు? నువ్వు! పొద్దున స్నానం చేసి పౌడరు రాసుకున్నదెవరు?"

"నేనే" అంది మరదలు నీరసంగా. "నా సర్టిఫికెట్టు నేనే దొంగిలించానా?"

"అతి తెలివైన నేరస్థులు చేసేదే అది! ఉద్యోగంలో చేరడం ఇష్టం లేక దాచేశావు. ఏవే, కిటికీ పరదాలు మూసెయ్! ఒక దీపం తీసుకురా! ముద్దాయి కళ్లల్లోకి వెలుతురు కొట్టాలి. అప్పుడుగానీ నిజం రాదు."

అక్కకు చెల్లెలి మీద జాలేసింది. కానీ దీపం అనేసరికి ఆ జాలి పక్కకు తప్పుకుంది. నిన్న సాయంత్రమే పూర్తి చేసిన కొత్త దీపం లోపలి నుంచి ఎత్తుకొచ్చింది. జామ్ సీసా మీద బల్బు, దాని చుట్టూ పాత దుప్పటి గుడ్డతో గుండ్రటి గొడుగు, అంచుకు చొక్కా గుండీల వరస. "జాగ్రత్తండీ, ఇంతవరకూ వెలిగించి కూడా చూడలేదు. మీదే బోణీ!" అంది మురిసిపోతూ.

బావగారు దాన్ని మరదలి ముక్కుకు జానెడు దూరంలో పెట్టి స్విచ్చి వేశాడు. చీకటి గదిలో గొడుగు పచ్చగా వెలిగింది. ఆయన దాని వెనక నిలబడి గొంతు లోతుకు దించాడు.

"చెప్పు. సర్టిఫికెట్టు ఎక్కడుంది?"

మరదలు చిరాగ్గా దీపం వైపు చూసింది. చూసి, ముందుకు వంగింది. గుడ్డ వెనకాల మసకమసకగా ఏదో నీడ. ఒక చతురస్రం. అందులో రెండు జడలు. వాటి మధ్య ఒక ముఖం.

"బావగారూ..."

"అడిగినదానికే జవాబు చెప్పాలి!"

"అది నేనే!"

"ఒప్పుకుంది!" బావగారు గాల్లోకి ఎగిరాడు. "నేరం ఒప్పుకుంది! ఏవే, రాసుకో! టైము కూడా వెయ్!"

"అది కాదు! దీపంలో ఉన్నది నేనే! నా ఫొటో! నా నంబరు! అదే నా సర్టిఫికెట్టు!"

"ముద్దాయికి మతి చలించింది, అది కూడా రాసుకో" అన్నాడు బావగారు. దీపం ఆయన ముక్కు కిందే వెలుగుతోంది. అటువైపు గుండ్రటి ప్రభుత్వ ముద్ర సరిగ్గా ఆయనకెదురుగా మెరుస్తోంది. ఆయన దాన్ని చూడలేదు. ఆయన చూపు ముద్దాయి మీద ఉంది.

అక్క వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, గొడుగు చుట్టూ తిరిగి చూసింది. నాలుక కరుచుకుంది. తరవాత మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ, గొడుగు నిలబడ్డానికి గట్టి ప్లాస్టిక్ షీటు కావాలంటే మొన్న ఇది తెచ్చి ఇచ్చింది మీరే కదూ? రెండువైపులా తెల్లగా పౌడరు పూసి ఉంది. ఉత్త షీటే అనుకుని గుడ్డ అంటించేశాను."

మరదలు దీపాన్ని తన వైపు లాక్కుంది.

"పౌడరు... ఎందుకు పూశారు బావగారూ?" అని మరదలు అడిగింది, పళ్ల బిగువున.

"వేలిముద్రలు తీయడం సాధన చేస్తున్నాను" అన్నాడు బావగారు. "నున్నటి వస్తువు కావాల్సొచ్చింది. నీ ఫైల్లో నున్నటిది అదొక్కటే ఉంది. దాని మీద ఏముందో చదవలేదు." ఒక్క క్షణం ఆగి, ఛాతీ పొంగించాడు. "ఏదైతేనేం, దొరికింది కదా? నేను దీపం అడక్కపోతే దొరికేదా?"

"మీరు అసలు పుట్టకపోతే పోయేదే కాదు" అంది అక్క. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆవిడ మొగుడితో అంత సూటిగా మాట్లాడ్డం అదే మొదలు.

మరదలు గుడ్డ ఊడదీయబోయింది. అక్క బంక విషయంలో పిసినారి కాదు. అంచు పట్టి లాగగానే ప్లాస్టిక్ పొర కూడా లేచి, లోపలి కాగితం పర్రుమంది. చిరిగితే ఇక అంతే సంగతులు. గడియారం నాలుగూ పది చూపిస్తోంది. ఆమె లేచి వైరు చుట్టేసి, దీపాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని బస్సు కోసం పరుగెత్తింది. "సాక్ష్యాధారాన్ని ఒంటరిగా వదలకూడదు!" అంటూ బావగారు వెనకాలే పరుగెత్తాడు. మీసం తీయడం మర్చిపోయాడు.

ఆసుపత్రి ఆఫీసులో గుమస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు. బెంచీ మీద ఒకావిడ ఒళ్లో ఫైలుతో, ముఖంలో ఆశతో కూర్చుని ఉంది. నాలుగూ నలభై ఎనిమిది.

మరదలు రొప్పుతూ దీపాన్ని గుమస్తా ముందు పెట్టింది.

"బహుమతులేవీ తీసుకోమమ్మా ఇక్కడ" అన్నాడు గుమస్తా. "ఒరిజినల్ ఏదీ?"

"ఇదేనండీ. ప్లగ్గు ఎక్కడుంది?"

గుమస్తా ఆమెనూ, దీపాన్నీ, వెనకున్న పుల్లల మీసాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఎన్నో చూసిన మనిషి. మారుమాట్లాడకుండా తన ఫ్యాను ప్లగ్గు పీకి, దీపం ప్లగ్గు పెట్టాడు.

వెలిగింది. ఆయన లేచి, చేతిలో పెన్నుతో దీపం చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ చదివాడు. పేరు అటువైపు మొదలై ఇటువైపు ముగిసింది. పుట్టినతేదీ గుండీల కిందుగా పోయింది. నంబరును కంప్యూటర్లో చూసుకున్నాడు. ఫొటోలోని ముఖాన్నీ, చెమటతో తడిసిన ఎదుటి ముఖాన్నీ పోల్చుకున్నాడు.

బావగారు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఈ కేసును ఛేదించిన పరిశోధకుణ్ని నేనే. కావాలంటే వాంగ్మూలం ఇస్తాను."

"మీరు బయట కూర్చోండి" అన్నాడు గుమస్తా, తల తిప్పకుండా.

"మరి ఒరిజినల్ ఇలా ఉండొచ్చా సార్?" అని బెంచీ మీది ఆవిడ లేచి నిలబడింది.

గుమస్తా రూల్సు పుస్తకం తిరగేసి, మూసేశాడు. "ఒరిజినల్ తేవాలనే ఉందమ్మా. దాన్ని వెలిగించకూడదని ఎక్కడా లేదు." ఠప్పున ముద్ర వేశాడు, దీపం మీద కాదు, ఆమె దరఖాస్తు మీద. "సోమవారం ఉదయం ఏడింటికి డ్యూటీలో చేరమ్మా."

మరదలు బల్ల అంచు పట్టుకుని నిలబడి కళ్లు తుడుచుకుంది.

"ఆఖరి గడి ఒకటుంది" అన్నాడు గుమస్తా పెన్ను తీసి. "ఊళ్లో బంధువులెవరైనా ఉన్నారా, నర్సుల హాస్టల్లో గది కావాలా?"

మరదలు వెనక్కి తిరిగి చూసింది. గుమ్మం దగ్గర బావగారు నేల మీద బోర్లా పడుకుని, గుమస్తా పీకేసిన ఫ్యాను వైరును భూతద్దంతో పరిశీలిస్తూ, "ఇక్కడ ఏదో కుట్ర జరుగుతోంది" అని తనలో తాను గొణుక్కుంటున్నాడు.

"బంధువులెవరూ లేరండీ" అంది మరదలు. "గది ఇవాళ్టి నుంచే కావాలి."