అన్నిటికీ ఒకే వైరు

పొద్దున్నే కొట్టు తెరవగానే అల్లుడు పాత ఛార్జర్లన్నీ మూటగట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. గుండ్రటి పిన్నులవీ, చదరపు మూతులవీ, ఒకదానిది ఇంకొకదానికి పట్టి చావనివీ, అన్నీ పోయాయి.

"కొత్త లాప్‌టాప్‌లన్నిటికీ ఇదొక్కటే వైరు మామయ్యా. ఎటు తిప్పి పెట్టినా పడుతుంది!" అన్నాడు, తానే కనిపెట్టినంత గర్వంగా.

"వైరు సంగతి సరే, బేరం కుదరాలిగా," అన్నారు మామగారు.

ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్ గారు బడికి లాప్‌టాప్‌లు కొనడానికి వస్తున్నారు. బేరం కుదిరితే గల్లా అల్లుడిది, చెడితే మామగారి కొడుకుది, అంటే అతని బావమరిదిది. మామగారు ఆ మాట ఇంటిల్లిపాది ముందూ అనేశారు.

అల్లుడు బల్ల మీద కొత్త లాప్‌టాప్ ఛార్జింగ్‌కి పెట్టి, తల దువ్వుకోవడానికి వెనక గదిలోకి వెళ్లాడు. అంతలో బావమరిది వచ్చాడు. అతని లాప్‌టాప్ కొనఊపిరితో ఉంది. అన్నిటికీ ఒకే వైరు కదా అని, ఇంకో వైరుతో దాన్ని తీసుకెళ్లి కొత్తదానికి తగిలించాడు. మామగారు తన ఫోను కొడుకు లాప్‌టాప్‌కి తగిలించారు. ఆ తర్వాత ఉక్కగా ఉందని గోడకున్న ప్లగ్గు పీకి ఫ్యాను పెట్టుకున్నారు. కరెంటు కొడుకు లాప్‌టాప్ నుంచి వస్తోందని ఆయన ధీమా. కొత్తదాన్నుంచి వస్తోందని కొడుకు ధీమా.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి కూర్చున్నారు. అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఒక్క వైరుంటే చాలు మేడం, ఇక మీకు ఏ బెంగా..."

కొత్త లాప్‌టాప్ తెర నల్లబడింది.

అల్లుడు బల్ల కిందకి దూరి వైరు పట్టుకుని వెతికితే, దాని చివర ప్లగ్గు నేల మీద హాయిగా పడుకుని ఉంది. గల్లా చేజారిందనుకుని అక్కడే చతికిలబడ్డాడు.

"బావా, నాది నిండిపోయింది!" అని బల్ల పైనుంచి బావమరిది కేక.

"నా ఫోనూ నిండింది," అన్నారు మామగారు.

హెడ్‌మిస్ట్రెస్ గారు ముందుకు వంగారు. "అంటే ఒక లాప్‌టాప్ నుంచి ఇంకోదానికి ఛార్జింగ్ ఎక్కుతుందా? మా క్లాసుల్లో ఉన్నవే రెండు ప్లగ్గులు. పిల్లలు వాటి కోసం కొట్టుకు చస్తున్నారు. రాసుకోండి, అన్ని క్లాసులకీ కావాలి."

అల్లుడు బల్ల కింద నుంచి లేచి నిలబడ్డాడు. మామగారి ఛాతీ ఉప్పొంగింది.

"మా అల్లుడు కావాలనే ఆర్పి చూపించాడండీ! మాటలు చెప్పే రకం కాదు," అంటూ గల్లా తాళాలు అక్కడికక్కడే అతని చేతిలో పెట్టారు.

సాయంత్రం ఆయన ఆ ముచ్చట వీధంతా చెప్పుకొచ్చారు. నాలుగో ఇంటికి చేరేసరికి ఆ ఉపాయం మామగారిదైంది.