పాతికకి పందొమ్మిది

"జ్వరమొచ్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ప్రతి ఉద్యోగికీ కూర్చుని చేసే పని ఇస్తాం!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ శాఖలో టైపిస్టుని కాబట్టి నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టడానికి నాకో కారణముంది.

మా అక్క భర్త, మా బావ, నీటి మీటర్లు చూసే ఉద్యోగి. ఆ మాయదారి జ్వరం రాకముందు ఈల వేసుకుంటూ అయిదంతస్తులు ఎక్కేవాడు. ఇప్పుడు అయిదు మెట్లకే గోడ పట్టుకుంటున్నాడు. ఊపిరితిత్తుల స్కానులో పాతికకి పందొమ్మిది వచ్చింది.

మంత్రిగారు పదకొండేళ్లు విద్యాశాఖను ఉద్ధరించి, కిందటి వారమే మా శాఖకు దయచేశారు. అంకె కనబడితే చాలు, శాతం కట్టేస్తారు. బావ తెచ్చిన రిపోర్టు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"డెబ్భై ఆరు శాతం! శభాష్! ఇంతవరకూ నువ్వే టాపర్‌వి!"

"సార్, అది పాడైన భాగం..." అన్నాడు స్కాను తీసిన డాక్టరు.

"మార్కులు ఎక్కువొస్తే పాసా, ఫెయిలా?"

"పాసే సార్, కానీ..."

"ఫస్ట్ క్లాసు వచ్చినవాడికి కుర్చీ ఎందుకయ్యా? మెట్లెక్కమను!"

తొమ్మిది మార్కులు దాటనివాళ్లకే కుర్చీ అని జీవో వచ్చింది. టైపు చేసింది నేనే. ఆ సాయంత్రం అక్క ముఖం చూడలేకపోయాను.

మంత్రిగారు ఆదర్శప్రాయులు. అన్నింట్లోనూ తానే ముందుండాలన్న పట్టుదలతో, విలేకరులను వెంటబెట్టుకుని స్కాను తీయించుకున్నారు. రిపోర్టు పట్టుకొచ్చిన పీఏ గుమ్మంలోనే నీళ్లు నమిలాడు.

"రెండు, సార్."

"ఇరవై రెండా?"

"ఉత్త రెండే సార్."

మంత్రిగారు కుర్చీలో కూలబడ్డారు. "ఆరోగ్య మంత్రి ఫెయిలా! పరువు గంగలో కలిసిందయ్యా!"

"రీవాల్యుయేషన్ ఉందిగా సార్," అని పీఏ నావైపు తిరిగాడు. "ఆ టాపర్ మార్కులు సార్‌కి వెయ్యి. సార్ మార్కులు టాపర్‌కి వెయ్యి. రెండు కాగితాలు, అంతే."

నా సర్వీసులో నా వేళ్లు అంత చురుగ్గా ఎప్పుడూ ఆడలేదు.

మూడోరోజు అక్క ఫోన్ చేసి ఏడుస్తూ నవ్వింది. "తమ్ముడూ, మీ బావ ఫెయిలయ్యాడ్రా! రెండే మార్కులట! మీ ఆఫీసులోనే, కింది అంతస్తులో, విచారణల బల్ల దగ్గర కుర్చీ ఇచ్చారు!" మా వంశంలో ఫెయిలైనందుకు సంబరం చేసుకోవడం అదే మొదలు. నాకూ కళ్లు తడిశాయి.

ఊరంతా బ్యానర్లు లేచాయి. "పాతికకి పందొమ్మిది సాధించిన మా నాయకుడికి జేజేలు!"

ఆ బ్యానరు ముఖ్యమంత్రిగారి బావమరిది కంట పడింది. ఆయన ఊపిరితిత్తుల డాక్టరు. మర్నాడే మరో ప్రకటన వెలువడింది: "ఆరోగ్యం పూర్తిగా క్షీణించినా ప్రజాసేవ చేసిన మంత్రిగారి త్యాగం చిరస్మరణీయం. ఇక వారికి విశ్రాంతినిస్తున్నాం."

వారం తర్వాత మాజీ మంత్రిగారు మా ఆఫీసుకు వచ్చారు. నేను ఫైలు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆయన నేరుగా బావ బల్ల దగ్గరికి నడిచారు.

"మెడికల్ బోర్డు ఎక్కడ?"

"మూడో అంతస్తు... సార్," అన్నాడు బావ, మధ్యలో ఊపిరి తీసుకుని. "లిఫ్టు... మీరు ప్రారంభించినరోజే... ఆగిపోయింది."

"మెట్లు నాకో లెక్కా? చకచకా ఎక్కేస్తా. నాకు రెండే మార్కులొచ్చాయని ఒక్క కాగితం రాసిస్తే చాలు, నా కుర్చీ నాకొచ్చేస్తుంది."

బావ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ రెండు మార్కులూ... నా దగ్గరున్నాయి సార్," అన్నాడు. "వాటిమీదే... కూర్చున్నాను."